నువ్వులుండకి తిరగని పిల్ల

తిత్లీ తుఫానుకి ఎగిరిపోయిన రేకులు మా ఇంటికి ఇంకా వేయనేలేదు, ఈ కబురొచ్చింది. నౌపడలో ఎండుచేపలు అమ్ముతుంటే మా ఆయన ఫోన్ చేశాడు, అంగన్‌వాడీ టీచరమ్మ పోయిందని. పొద్దున్నే టీ పెట్టుకుంటూ కూలబడిపోయిందట. "ఏటి?" అని మూడుసార్లు అడిగాను. చుట్టుపక్కలవాళ్ళు బేరాలు ఆపి నావైపు చూశారు. నా గొంతు అలాంటిది మరి.

ఆ గొంతు సంగతి చెప్పకుండా ఆవిడ సంగతి చెప్పలేను. మాది సముద్రం ఒడ్డున ఇల్లు. కెరటాల హోరులో మా వీధిలో ఎవరూ మెల్లగా మాట్లాడరు. తిట్టినా కేకే, ముద్దు చేసినా కేకే. టీచరమ్మది ఊరి లోపల. పాతికమంది పిల్లలున్నా గొంతెత్తి ఎరగదు. ఎవడైనా అల్లరి చేస్తే పక్కన చతికిలబడి చెవిలో ఏదో చెప్పేది. వాడు నవ్వుకుంటూ వెళ్ళి చాప మడతపెట్టేవాడు. అది చూస్తే నాకు ఒళ్ళుమండేది.

మా పాపకి నాలుగేళ్ళప్పుడు అంగన్‌వాడీ నుంచి రోజుకో ఫిర్యాదు. పిలిస్తే పలకదు, చెప్పిన చోట కూర్చోదు, పక్కపిల్లని కొరికేసింది. ఇంట్లో నేను ఒక్క కేక వేస్తే మాత్రం వచ్చేసేది. "నీ మెతకతనానికి అలుసైపోనాది. నాలుగు తగిలించు టీసరమ్మా," అని పదిమందిలో అనేశాను. ఇంటికొచ్చి నేనే తగిలించాను. అట్లకాడ కాల్చి వాత పెడితే దారికొస్తుందని మా అత్త అంది. ఆదివారం పెడదామనుకున్నాం. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ, అనుకున్నాం.

శనివారం టీచరమ్మ నన్ను పిలిపించింది. పాప గోడవైపు తిరిగి గిన్నెలతో ఆడుకుంటోంది. ఆవిడ దాని వెనక నిలబడి, రోజూ మాట్లాడే గొంతుతోనే, "నువ్వులుండ కావాలా?" అంది. పిల్లలంతా ఎగబడ్డారు. మా పాప తిరగలేదు.

"మొండిపిల్ల పనికి తిరగదు గాని ఉండకి తిరుగుతాది. ఉండకీ తిరగనేదంటే అది అల్లరి కాదమ్మా. సెవులు సూపిద్దాం."

శ్రీకాకుళం బస్సులో పాపని ఆవిడే ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. రెండు చెవులూ సగమే పనిచేస్తున్నాయని, మిషన్లు పెట్టాలని డాక్టరు చెప్పాడు. గట్టిగా అరిస్తేనే అందుతుందట. అరుపుల కొంపలో మాకెలా తెలుస్తుంది? తిరుగు బస్సులో ఏడుస్తూ వాత సంగతి ఆవిడకి చెప్పేశాను. ఆవిడ పాప చేతిని తన కొంగులో చుట్టుకుంది. కొడితే ఆగుతుంది కానీ ఎందుకు చేసిందో మనం తెలుసుకోకపోతే మళ్ళీ చేస్తుందని మాత్రం అంది.

ఆ తర్వాత పిల్లల విషయం ఏదొచ్చినా ఆవిడ అరుగు మీదికే పోయేదాన్ని. ఊరికే పోకుండా గుప్పెడు ఎండు నెత్తళ్ళ చేపలు పట్టుకెళ్ళేదాన్ని. "అల్లరి సేసే పిల్లకి బెంగెట్టుకోకు. ఉన్నట్టుండి మానేసిన పిల్లని సూడు," అనేది. మా చిన్నోడికి మూడేళ్ళు. నిన్న అన్నం కంచం విసిరికొట్టాడు. నా చెయ్యి లేచింది, ఆగింది. ఆవిడని అడుగుదామని చెప్పులు కూడా వేసుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. గుమ్మంలోనే కూర్చుండిపోయాను. ఇప్పుడు ఎవరినడగాలి?

పాపకిప్పుడు పదేళ్ళు, రెండు చెవులకీ మిషన్లున్నాయి. కబురొచ్చిన రోజు ఆవిడని వాళ్ళింటి వాకిట్లో పడుకోబెట్టారు. ఆడవాళ్ళమంతా ఏడుస్తున్నాం, అందరిలోకీ నా గొంతే పెద్దది. పాప మా మధ్యలోంచి దూరి వెళ్ళి ఆవిడ తల పక్కన చతికిలబడింది. వంగి, ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి, మెల్లగా ఏదో చెప్పింది. చాలాసేపే చెప్పింది. నేను ఏడుపు ఆపి చెవులు రిక్కించాను. అంత పక్కనున్నా నాకు ఒక్క ముక్క వినపడలేదు.