మంగళం పాడని రాత్రి

దెయ్యాలు లేవని చెప్పడం మా ఇంట్లో జీవనోపాధి. మా నాన్నగారు రాజమండ్రి మిషనులో ఉపదేశి. చచ్చినవాళ్ళు చచ్చినచోటే ఉంటారని, పిలిచినా రారని పల్లెపల్లెకీ తిరిగి బోధించేవారు. నేనూ ఆ మాటల మధ్యే పెరిగాను. ఇప్పటికీ చీకట్లో శ్మశానం పక్కనుంచి ఒంటరిగా నడిచి వస్తాను, నాకేమీ అనిపించదు. ఇప్పుడు చెప్పబోయే సంగతి ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పకపోవడానికి కారణం నవ్వుతారన్న భయం కాదు. తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజులవి. ఎక్కడెక్కడి కూలీలో ఊళ్ళోకి వచ్చి పడ్డారు. వాళ్ళ వెనకే ఏటి ఒడ్డు పొడుగునా సారా కొట్లు, కల్లు పాకలు లేచాయి. కొట్టుకో పాటగాడు. ఒకచోట తత్వాలు, ఒకచోట జావళీలు, ఇంకోచోట ఫిడేలు. జనం ఒక పాకలో తాగి, రెండోదానిలో పాట విని, మూడోదానిలో తగువు పెట్టుకుని ఇంటికి పోయేవారు. నేను వంతెన పనిలో గుమస్తాని. నాన్నగారు పల్లెలకు వెళ్ళిన రోజుల్లో ఆ తిరుగుళ్ళన్నీ నేనూ తిరిగాను.

అక్కడ పాడేవాళ్ళలో గవరయ్య నాకు ప్రాణస్నేహితుడు. వాడి గొంతు వింటే తాగేవాడు కూడా చేతిలోని కల్లు దొప్ప కింద పెట్టేసేవాడు. వాడి వెనక వాళ్ళ అన్న సూరన్న కూర్చుని తిత్తి శ్రుతి పట్టేవాడు. తిత్తి అంటే మేకతోలు సంచి. నోటితో గాలి ఊది, చంకలో పెట్టి నొక్కితే గొట్టంలోంచి ఒకే స్వరం ఆగకుండా వస్తుంది. సూరన్నకు ఒక అలవాటుండేది. తమ్ముడు పాట ఆపాక కూడా ఒక ఊపిరి సేపు శ్రుతి ఆపేవాడు కాదు. పిల్లవాణ్ణి మంచం మీద పడుకోబెట్టాక కాసేపు చెయ్యి తియ్యం కదా, అలాగ.

ఆ వేసవిలో సూరన్న విషజ్వరంతో పోయాడు. అప్పట్నుంచి గవరయ్య గొంతు నిలవడం మానేసింది. ఎత్తుకున్న పాట రెండో చరణానికే కిందికి జారిపోయేది. వేరేవాళ్ళను వెనక కూర్చోబెట్టి చూశాడు, కుదరలేదు. చివరికి వంతెన దగ్గర సున్నం మోయడానికి కుదిరాడు. ఆ గొంతున్నవాడు తట్ట ఎత్తుకుని నా ముందునుంచి నడిచిపోతుంటే చూడలేక తల తిప్పుకునేవాణ్ణి.

వానలు తగ్గాక రామచంద్రపురంలో మేళం నడిపే పెద్దాయన ఒకరు ఊళ్ళోకి వచ్చారు. రాత్రికి సత్తెమ్మ కల్లు కొట్లో పాట వింటానని, నచ్చితే తెల్లారి పడవలో తనతో తీసుకుపోతానని గవరయ్యకు కబురు పెట్టారు. నచ్చకపోతే మళ్ళీ సున్నం తట్టే.

ఆ సాయంత్రం గవరయ్య కొయ్యకు వేలాడుతున్న అన్న తిత్తి తెచ్చి నా చేతికిచ్చాడు. "ఊరికే చంకలో పెట్టుకుని నా వెనక కూర్చోరా దావీదూ. వెనక ఖాళీగా ఉంటే పాడలేను" అన్నాడు.

పేరుకు బైబిలు దావీదునే గాని నాకు సితారా రాదు, కీర్తనా రాదు. అయినా సరేనన్నాను. అప్పటికే రెండు దొప్పల కల్లు లోపలికి పోయింది కాబట్టి, ఊరికే కూర్చోవడం నా వల్ల కాలేదు. వాడు జావళి ఎత్తుకోగానే నేనూ తిత్తిలోకి ఊదాను.

శ్రుతి పలికింది. నిండుగా, ఎక్కడా వణకకుండా పలికింది. ఓహో, ఇంత తేలికా అనుకున్నాను. గవరయ్య వీపు ఒక్కసారి బిగుసుకుంది గాని వెనక్కి తిరగలేదు. ఆ తర్వాత వాడు పాడినలాంటి పాట నేను మళ్ళీ ఎక్కడా వినలేదు, వాడి నోట కూడా వినలేదు. సత్తెమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పాట అయిపోయింది. నేను నోరు తీసేశాను. శ్రుతి మాత్రం ఒక ఊపిరి సేపు ఆగలేదు.

పెద్దాయన లేచి, "తెల్లారి పడవకు వచ్చెయ్యవయ్యా. ఆ శ్రుతి పట్టేవాణ్ణి కూడా తీసుకురా" అని వెళ్ళిపోయారు. ఆయన లేవగానే అందరూ లేచారు. ఒకటే గోల. నన్ను కూడా మేళంలోకి రమ్మన్నారని నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను.

బయటికి రాగానే గవరయ్య తిత్తి లాక్కుని గొట్టం ఊడదీసి నా ముఖం ముందు పెట్టాడు. లోపల ఏమీ లేదు.

అప్పుడు చెప్పాడు. ఆ గొట్టంలో పీక అని చిన్న రెల్లు ముక్క ఉంటుంది. పలికేది అదే. శ్రుతి పట్టేవాడు పోతే వాడి పీక వాడి గుప్పిట్లోనే పెట్టి సాగనంపడం వాళ్ళ ఆచారం. సూరన్న గుప్పిట్లో దాన్ని పెట్టింది గవరయ్యే. అది లేని తిత్తి ఉత్త తోలు.

గొట్టం బిగించి నేను మళ్ళీ ఊదాను. ఉస్సుమని గాలి పోయింది, అంతే.

వాడికి పిచ్చి పట్టినట్టయింది. నా రెక్క పట్టుకుని పక్క పాకకు లాక్కుపోయాడు. వాడు పాడటం, నేను ఊదడం. గాలి. అక్కణ్ణుంచి ఫిడేలు కొట్టుకు. గాలి. తత్వాల పాకలో పాట మధ్యలో దూరినందుకు తిట్లు కూడా తిన్నాం. ఒక్కచోట కుదురుగా కూర్చోనివ్వడు, తాగనివ్వడు. మళ్ళీ వాడి గొంతు జారడం మొదలైంది. "అన్నయ్య లేకపోతే నేను పడవెక్కనురా, నలుగురిలో నవ్వులపాలవుతాను" అంటాడు. నాకు దవడలు నొప్పి పుట్టాయి, విసుగొచ్చింది, చెప్పొద్దూ, భయం కూడా వేసింది.

చివరికి ఇద్దరం రేవు మెట్ల మీద కూలబడ్డాం. కింద పడవ సిద్ధమవుతోంది. గవరయ్య ఉన్నట్టుండి తలెత్తాడు.

"మంగళం పాడలేదురా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. వాళ్ళలో మంగళం పాడేదాకా శ్రుతి పట్టేవాడు లేవకూడదట. పెద్దాయన లేచిన సందట్లో అందరం మంగళం మరిచిపోయి వచ్చేశాం.

"అన్నయ్యను అక్కడే వదిలేసి ఊరంతా వెతుకుతున్నాం" అన్నాడు.

పరుగెత్తాం. సత్తెమ్మ కొట్టు తలుపు మూసి ఉంది. ఆవిడ బయట అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చుంది. మమ్మల్ని చూడగానే విసుక్కుంది. "ఏంటయ్యా మీ గోల? మీవాడెవడో లోపల ఇంకా శ్రుతి పడుతూనే ఉన్నాడు. దీపం పెట్టి చూస్తే ఎవరూ లేరు. నేనెక్కడ పడుకోను?"

మేమూ విన్నాం. తలుపు వెనకనుంచి సన్నగా, ఆగకుండా వస్తోంది. తిత్తి నా భుజం మీద చప్పబడి వేలాడుతోంది. చేత్తో తడిమి చూసుకున్నాను.

గవరయ్య గడపలో కూర్చున్నాడు. తలుపుకు చెవి ఆనించాడు.

"పాడరా, పడవ పోతుంది" అన్నాను.

"పాడితే లేచి వెళ్ళిపోతాడురా."

"పాడకపోతే?"

వాడు కళ్ళు తుడుచుకున్నాడు. "పాపం, కూర్చునే ఉంటాడు" అన్నాడు.

మంగళం ఎత్తుకున్నాడు. ఏడుస్తూనే పాడాడు గాని గొంతు ఎక్కడా జారలేదు. చివరి మాట అయిపోయింది. శ్రుతి ఒక ఊపిరి సేపు నిలిచి, ఆగిపోయింది. సత్తెమ్మ తలుపు తీసి చూసింది. నేల మీద రాత్రి తాగి పారేసిన దొప్పలున్నాయి.

గవరయ్య ఆ పడవెక్కాడు. మేళంలో కొత్త శ్రుతి మనిషితోనే పాడి పేరు తెచ్చుకున్నాడు. తిత్తి నాకే ఇచ్చేశాడు. నేను కల్లు తాగి ఉన్నానంటే ఒప్పుకుంటాను. సత్తెమ్మ అమ్మేదే గాని తాగేది కాదు. ఏటి గాలి ఏ చిల్లులోనో దూరిందనుకుందామంటే, అది మంగళం అయ్యేదాకా పలికి సరిగ్గా అప్పుడే ఆగిపోదు కదా. ఎన్ని విధాల చూసినా నాకు తెగలేదు.

చాలా ఏళ్ళకు నాన్నగారు పోయారు. ప్రార్థన మందిరంలో చివరి కీర్తన పాడి అందరూ లేచారు. నేను లేవలేదు. ఆయన ఎప్పుడూ కీర్తన చివర అందరికంటే కాస్త ఆలస్యంగా ఆపేవారు. ఒక ఊపిరి సేపు చెవులు రిక్కించి విన్నాను. ఏమీ వినపడలేదు. ఆయన జీవితమంతా చెప్పింది అదే. అయినా నాకు ఏడుపు ఆగలేదు.