ఎర్ర బాణం కోటు కోసం కలకత్తా

కలకత్తాలో ఒక హోటల్ రిసెప్షన్ ఉద్యోగానికి నాకు సోమవారం ఇంటర్వ్యూ. వెస్టర్న్ ఫార్మల్స్‌లో రావాలని పిలుపులో రాశారు. బి.ఏ. అయ్యాక మా ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్ గల్లీల్లో సైకిలు తొక్కడం తప్ప పనిలేక, ఎవరింట్లో ఏం కూర ఉడుకుతోందో వాసన పట్టి చెప్పే స్థితికి వచ్చేశాను. అందుకే ఆ పిలుపును వదులుకోలేను. నల్లప్యాంటు ఉంది, కోటు లేదు. గోల్‌బజార్‌లో మాకు తెలిసిన దర్జీ బతుకంతా రైల్వే యూనిఫారాలు కుట్టినవాడు. నాకూ ప్రేమగానే కుట్టి ఇచ్చాడు. వేసుకుని అద్దం ముందు నిలబడితే నాకే టికెట్ చూపించాలనిపించింది.

కాలేజీ స్నేహితురాలు ఒకతె న్యూ మార్కెట్ వెనక ఉన్న దుకాణం గురించి చెప్పింది. విదేశీ డిజైనర్ల కోసం ఇక్కడ కుట్టిన బట్టల్లో, ఏదో చిన్న లోపం వల్ల ఓడ ఎక్కకుండా ఆగిపోయినవి అక్కడ పావు ధరకు అమ్ముతారట. నాన్న సరేనన్నారు, ఒంటరిగా మాత్రం వద్దన్నారు. మా మేనత్త రూతమ్మ నా కోసం శనివారం సెలవు పెట్టింది. మావయ్య పోయాక ఆయనకు బదులుగా రైల్వే వర్క్‌షాపులో చేరింది అత్త. ఇన్‌స్పెక్షన్‌లో సాయం చేయడం ఆమె పని. బాగాలేని ముక్క మీద ఎర్ర గుర్తు పడితే అది కండెమ్. తుక్కు కుప్పలోకి పోవాల్సిందే, ఇంకెవరూ ముట్టుకోకూడదు.

ఉదయం ఆరున్నర దాటాక హౌరా లోకల్ ఎక్కాం. ప్రయాణం మూడు గంటలకు కాస్త తక్కువ. టికెట్ చవకే, కానీ ఖరగ్‌పూర్‌లోనే సీటు పట్టుకోవాలి. తర్వాత ఎక్కేవాళ్లకు నిలబడటమే. అత్త ఉప్మా డబ్బా తెచ్చింది, ఝాల్‌మూరీ అబ్బాయి దగ్గర నేను కారం మరమరాలు రెండు పొట్లాలు కొన్నాను. హౌరాలో దిగి బస్సు జోలికి పోకుండా రేవుకు వెళ్లి ఫెర్రీ ఎక్కాం. రెండు రూపాయలకు నది దాటి బాబూఘాట్‌లో దిగొచ్చు. అక్కడి నుంచి మైదానం పక్కగా, న్యూ మార్కెట్ ఉన్న ధర్మతలా వరకు నడక. శీతాకాలం ఎండలో ఆ నడక హాయిగా ఉంటుంది. అత్త మాత్రం దారి పొడుగునా నా చేయి వదల్లేదు.

దుకాణానికి బోర్డు లేదు. చెప్పుల కొట్టు పక్క మెట్లెక్కితే మొదటి అంతస్తులో పొడవాటి గది, వెదురు కర్రలకు వేలాడే బట్టలు. ఏ కంపెనీవో తెలియకుండా లేబుళ్లను సగానికి కత్తిరించారు. నడిపేది షీలాదీదీ అనే బెంగాలీ ఆవిడ. ఆమెతో హిందీలో బేరం చేసుకోవచ్చు. ట్రయల్ రూమ్ లేదు. గదిలో ఒక మూల అద్దం, అంతే. నాకు బూడిదరంగు కోటు ఒకటి దొరికింది. భుజాలు నా కొలతకే కుట్టినట్టున్నాయి. చౌరంగీ షోరూముల్లో వెయ్యికి పైమాట, ఇక్కడ రెండు వందల యాభై. దాన్ని కుర్చీ మీద వేసి, లోపలికి తగ్గ చొక్కా వెతకడానికి గది చివరికి వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి కుర్చీ ఖాళీ. కర్రల మీద కూడా సగం బట్టలు లేవు. అత్త చెంగుతో చేతులు తుడుచుకుంటోంది. ప్రతి బట్ట మీదా ఎర్రటి చిన్న బాణం స్టిక్కరు ఉందనీ, చెడిపోయిన సరుకంతా ఏరి మూలనున్న పేలికల గోనెసంచిలో వేసేశాననీ, పాపం ఈ దీదీకి మనుషులు లేరు కాబోలుననీ చెప్పింది. గుడ్డపేలికలు కొనుక్కునే మనిషి వచ్చి ఆ సంచిని అప్పుడే మోసుకుపోయాడట.

అప్పటిదాకా లెక్కల్లో మునిగి ఉన్న దీదీ ఆ మాట విని మెట్ల మీద పరుగు తీసింది, ఆమె వెనక నేను, మోకాళ్ల నొప్పులతో అత్త. సందు చివర తోపుడుబండిని ఆపించి, రోడ్డు మీదే సంచి కుమ్మరించాం. నా కోటు అడుగున ఉంది. దీదీ గుండె పట్టుకుని బండి మీదే కూర్చుంది. ఆ బాణం కండెమ్ గుర్తు కాదని, లోపం ఎక్కడుందో కొనేవాళ్లకు చూపించడానికని ఊపిరి తీసుకుంటూ చెప్పింది. ఆ దుకాణం బతికేదే ఎర్ర బాణాల మీద. అత్త ముఖం మాడిపోయింది. తనే బట్టలన్నీ దులిపి, మడతపెట్టి, పైకి మోసింది. దీదీ మా ఇద్దరికీ టీ తెప్పించింది.

నా కోటు మీద బాణం లోపలి జేబును చూపిస్తోంది. జేబు తలకిందులుగా కుట్టారు, మూతి కిందికి ఉంది. చూడగానే అత్తకు మళ్లీ గొంతు వచ్చింది.

"ఇది ఏసుకుని ఎల్తావేటే గుంటా? ఇలాటి మాల్ మా వర్క్‌షాపులో ఒగ్గితే నా సీటు పోద్ది."

"జేబు ఎవరికి కనబడుతుంది అత్తా?"

"ఎవలికీ కనబడదు. నాకు తెలుసు కదా."

నాకు ఏడుపు వచ్చేట్టయింది. ఇంకో కోటు వెతకడానికి వేళ లేదు, మధ్యలో ఉన్నది దుకాణాలు మూసే ఆదివారం. దీదీ తల తిప్పుకుని లెక్కలు చూసుకుంటున్నట్టు నటించింది. అత్త కోటును వెలుతురులోకి తీసుకెళ్లి ప్రతి కుట్టూ గోటితో లాగి చూసింది. తర్వాత తన శాలువా విప్పి అద్దం ముందు తెరలా అడ్డంగా పట్టుకుంది.

"తొందరగా ఏసుకో, నా సేతులు నొప్పెడతన్నాయి."

సోమవారం ఆ కోటు వేసుకుని వెళ్లాను. దాని గురించి ఎవరూ అడగలేదు, తెల్లవారుజాము షిఫ్టుకు రాగలనా అని మాత్రం అడిగారు. వచ్చే నెల ఒకటి నుంచి రమ్మన్నారు. సరుకు పేలికల్లోకి పోబోయినా కసరకుండా టీ తెప్పించిన దీదీకి, పట్టింపును పక్కనపెట్టి శాలువా పట్టిన అత్తకు నేను రుణపడ్డాను. మీరూ వెళ్లాలనుకుంటే శనివారం పదిన్నరకల్లా అక్కడ ఉండండి, పల్చటి కుర్తా వేసుకోండి, దాని మీదనుంచే కొలత చూసుకోవచ్చు. నిన్న గల్లీలో పక్కింటి మరియమ్మ పిన్ని నన్ను ఆపి కోటు అంచు పట్టుకుని చూసింది. "సౌరంగీ షోరూంలో కొన్నారటగా, ఒక్క మరక లేని ఫస్ట్ క్లాసు మాల్ అని మీ అత్త సెప్పింది" అంది. అవును పిన్నీ, అన్నాను.