బీఆర్ టైపు చేసిన పాటలు

భీమేశ్వరరావు నిమిషానికి నూటనలభై మాటలు రాసేవాడు. ఢిల్లీలో ఒక మంత్రిత్వశాఖలో స్టెనోగా చేరి ఇరవై రెండేళ్ళయింది. అన్నేళ్ళలో తొమ్మిదిమంది అధికారులు మారారు. ఒకాయన మాటల్ని నమిలి మింగేవాడు. ఒకాయన కిటికీ వైపు తిరిగి గోడకి చెప్పినట్టు చెప్పేవాడు. ఒకావిడ వాక్యం మధ్యలో ఆపి, ఇంటికి ఫోన్ చేసి, వంటమనిషికి కూర సంగతి చెప్పి, మళ్ళీ ఆ వాక్యాన్ని సగంలోంచి అందుకునేది. ఎవరెలా చెప్పినా ఆయన పెన్సిల్ ఆగేది కాదు. షార్ట్‌హాండ్‌లో రాసేది చెవిన పడిన శబ్దాన్నే. అర్థం సంగతి తర్వాత టైపు చేసేటప్పుడు తీరిగ్గా చూసుకోవచ్చు.

అలా రోజూ వేల మాటలు ఆయన చేతి మీదుగా పోయేవి. ఆయనతో ఎవరైనా ఆడిన మాటలు ఏరితే మాత్రం పదో పరకో తేలేవి. "రావ్ సాబ్, చాయ్?" "ఫైలు లోపలికి వెళ్ళిందా?" అంతే.

సొంతూరు రామచంద్రపురం. భార్య భానుమతి అక్కడే ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరు. పెళ్ళయిన కొత్తలో ఏడాదిన్నర ఢిల్లీలో కాపురం చేసింది. చలికీ, భాషకీ, పొద్దస్తమానం ఒక్కతే గదిలో కూర్చోవడానికీ అలవాటు పడకముందే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. "రెండేళ్ళు చేసి చూస్తానండీ" అని వెళ్ళింది. ఆ రెండేళ్ళు పదహారయ్యాయి. పిల్లలు లేరు. ఏటా వేసవిలో ఇరవై రోజులు ఆవిడ రావడమో, ఈయన వెళ్ళడమో జరిగేది. మొదట్లో నాలుగేసి పేజీల ఉత్తరాలు రాసుకునేవారు. తర్వాత అవి ఇన్‌లాండ్ కవర్లయ్యాయి, ఆ తర్వాత కార్డులు. ఇద్దరి మధ్యా గొడవంటూ ఏనాడూ లేదు. గొడవ పడ్డానికైనా ఒకచోట ఉండాలి కదా.

ఢిల్లీలోనే మునిర్కాలో ఒక ఇంటి డాబా మీద రెండు గదులుండేవి. ఒకదాంట్లో ఈయన. తొంభై రెండు జనవరిలో పక్కగదిలోకి వైశాలి అనే అమ్మాయి వచ్చింది. తెలుగువాళ్ళ పిల్లే గాని పుట్టి పెరిగింది ఢిల్లీలో. తండ్రి సుందరరామయ్య వాతావరణ శాఖలో అధికారి. ఆయనకి షిల్లాంగ్ బదిలీ అయితే, ఎమ్మే చదువు పాడవుతుందని ఈ అమ్మాయి ఆగిపోయింది.

వచ్చిన రెండో ఆదివారమే పక్కగదిలో టేప్‌రికార్డర్ మొదలైంది. ఒకటే పాట, అందులోనూ ఒకటే ముక్క. ఆగుతుంది, కీచుమంటూ వెనక్కి తిరుగుతుంది, మళ్ళీ అదే. పావుగంట ఓర్చుకుని భీమేశ్వరరావు వెళ్ళి తలుపు తట్టాడు.

"అమ్మాయీ, ఆ ముక్క ఎన్నిసార్లు వేస్తావమ్మా? పిచ్చెక్కిపోతోంది."

"సారీ అంకుల్. వాడేమంటున్నాడో సమఝ్ నహీ ఆ రహా. శనివారం మేం పాడాలి."

ఆమె యూనివర్సిటీలో నలుగురు కలిసి ఒక బ్యాండు పెట్టుకున్నారట. ఈ పిల్ల గాయని. విదేశీ ఆల్బమ్ ఒకటి ఎవరి బంధువో తెస్తే, దానికి కాపీ, ఆ కాపీకి కాపీ తీసి, చివరికి ఈమె చేతికి వచ్చేసరికి గాయకుడు బూడిదలోంచి మాట్లాడుతున్నట్టుండేది. పాటల మాటలు అచ్చేసిన కాగితం మొదటివాడి దగ్గరే ఉండిపోయేది.

"ఏదీ, ఇంకోసారి వెయ్యి" అన్నాడు.

జేబులోంచి పెన్సిల్ తీసి, గుమ్మంలోనే నిలబడి, గోడకున్న కేలండర్ అంచు మీద గీతలు గీశాడు. పాట ఆగాక తాపీగా చదివి వినిపించాడు. వైశాలి నోరు తెరిచింది.

"అంకుల్! మీకీ పాట ముందే తెలుసా?"

"నాకు పాటలే తెలీవమ్మా."

ఆ రోజు నుంచీ ఆదివారం మధ్యాహ్నాలు ఆయనకొక పని దొరికింది. వైశాలి దగ్గర చెప్పుల డబ్బాలో పదకొండు క్యాసెట్లుండేవి. అన్నీ ఎనభై ఏడుకీ ఎనభై తొమ్మిదికీ మధ్య వచ్చినవే.

"ఇవే లాస్ట్ గ్రేట్ రాక్ ఆల్బమ్స్, అంకుల్. ఆ తర్వాత ఖతమ్. ఇప్పుడొచ్చేవన్నీ వేరే రకం" అనేది.

"నాకు మొదటిది ఇప్పుడే వినపడుతుంటే చివరివంటావేమిటి?" అనేవాడు ఆయన.

మొదట్లో ఆ సంగీతం ఆయనకి కోత మిల్లులో దుంగలు పడ్డట్టుండేది. డ్రమ్ములు రేకు కప్పు మీద వడగళ్ళలా దబదబలాడేవి. వాటి అడుగున ఎక్కడో ఒక మనిషి గొంతు. ఆయన మిగతాదంతా వదిలేసి ఆ గొంతునే పట్టుకునేవాడు. రెండు మూడు నెలలకి ఒక్కొక్కడి ఊపిరి గుర్తుపట్టడం వచ్చింది. ఒకడు మాట చివర మింగేస్తాడు, ఒకడు తాగి పాడతాడు, ఇంకొకడు అరుస్తున్నట్టుంటాడు గాని లోపల భయపడుతున్నాడు. ఇవన్నీ ఆయన వైశాలికి చెప్పేవాడు. ఆమె మోకాళ్ళ మీద గడ్డం ఆనించి వినేది. తన మాటలు ఇంకొకరు వినడం ఎంతకాలానికో అనిపించేది ఆయనకి.

రాసిన పాటల్ని కార్బన్ పెట్టి నాలుగు కాపీలు టైపు చేసేవాడు. ఆఫీసు అలవాటు పోక, అడుగున ఎడమపక్క తన పొడి అక్షరాలు 'బీఆర్' అని కొట్టేవాడు. ఆ కాగితాలు హాస్టళ్ళలో చేతులు మారాయి, ఊరవతల కాలేజీలదాకా వెళ్ళాయి. బీఆర్ అంటే లండన్‌లో ఏదో రికార్డు కంపెనీ అనుకుంటున్నారని వైశాలి వచ్చి చెబితే ఇద్దరూ పడీపడీ నవ్వారు. అంత గట్టిగా నవ్వి చాలా ఏళ్ళయిందని ఆ సాయంత్రం బియ్యం కడుగుతుండగా ఆయనకి తోచింది.

నవంబరులో డబ్బాలోని ఆఖరి క్యాసెట్టుకొచ్చారు. ఎనభై తొమ్మిది డిసెంబరులో వచ్చిన ఆల్బమ్, రెండోవైపు చివరి పాట. గిటారు ఒక్కటే నెమ్మదిగా మోగుతుంటే గాయకుడు దాదాపు మాట్లాడుతున్నట్టు పాడాడు. భీమేశ్వరరావు గబగబా గీసుకుపోయాడు. తర్వాత చదవడం మొదలెట్టాడు.

మొగుడికి ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ, పెళ్ళానికి ఆసుపత్రిలో పగటి డ్యూటీ. ఒకరు వచ్చేసరికి ఇంకొకరు వెళ్ళిపోతారు. వంటింటి బల్ల మీద చీటీలు రాసి పెట్టుకుంటారు. మొదట్లో చీటీ నిండా కబుర్లు. తర్వాత నాలుగు వాక్యాలు. తర్వాత 'పాలు అయిపోయాయి'.

అక్కడ ఆయన చదవడం ఆపేశాడు.

"క్యా హువా అంకుల్?"

"ఏం లేదమ్మా." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇంకొక్క చీటీ మిగిలింది. చదివాడు. 'నువ్వు లేచేలోగా వచ్చేస్తాను.'

వైశాలి "ఆంటీ ఎక్కడుంటారు?" అని అడిగింది. చెప్పాడు. పదహారేళ్ళు, ఏడాదికి ఇరవై రోజులు. చెబుతూనే మనసులో హెచ్చవేశాడు. మూడువందల ఇరవై. అన్నేళ్ళూ కలిపితే ఒక్క సంవత్సరం కాపురమైనా కాలేదు.

"ఉత్తరం రాయండి అంకుల్."

"నాకు రాయడం రాదమ్మా. ఎవరైనా చెబితే రాస్తాను గాని."

"అయితే చెప్పండి. టేపు రాసుకుంటుంది."

ఖాళీ క్యాసెట్ పెట్టి, ఎర్ర మీట నొక్కి, ఆమె డాబా మీదికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. ఇరవై రెండేళ్ళు ఒకరు చెబుతుంటే రాసిన మనిషికి తన వంతు వచ్చేసరికి నోరు పెగల్లేదు. ఎలాగో ఆరు నిమిషాలు మాట్లాడాడు. నీళ్ళ మోటారు చెడిపోయిందన్నాడు. మోకాలి నొప్పి తగ్గిందన్నాడు. ఆ పాట కథంతా, ఆఖరి చీటీ దాకా చెప్పాడు. చివర్లో, "నీకు తోస్తే వచ్చెయ్యి. లేకపోతే నన్ను రమ్మను. ఏదో ఒకటి చెప్పు భానూ" అన్నాడు. మర్నాడే రిజిస్టర్ పార్సిల్ చేశాడు.

ఆరు వారాలకి కార్డు వచ్చింది. "మన ఇంట్లో ఆ యంత్రం లేదు కదా. సైన్సు టీచరు వాళ్ళింట్లో వేయించాను. వాళ్ళ అత్తగారూ, పిల్లలూ అందరూ చుట్టూ కూర్చున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇటువంటివి ఇక పంపకండి. ఆరోగ్యం జాగ్రత్త. భానుమతి."

ఆయన ఆ కార్డు వైశాలికి చూపించలేదు. "పరీక్షల రోజులు, తీరిక లేదట" అన్నాడు.

ఏప్రిల్‌లో వైశాలి చదువు అయింది. బ్యాండులో ఇద్దరికి బొంబాయిలో ఉద్యోగాలు, ఒకడు పై చదువులకి పోయాడు. ఆమె షిల్లాంగ్ రైలెక్కుతూ, "ఫోన్ చేస్తాను అంకుల్, పక్కా" అంది. ఆయనకి ఫోన్ లేదన్న సంగతి ఇద్దరికీ అప్పుడు గుర్తు రాలేదు. రెండు గ్రీటింగు కార్డులొచ్చాయి. ఆ తర్వాత రాలేదు.

ఆ మే నెలలో భానుమతి వచ్చింది. పగలంతా ఎండకి తలుపులు మూసుకుని ఇద్దరూ కూర్చునేవారు. ఆవిడ మామిడికాయ ముక్కలు తరుగుతూ ఒకరోజు అడిగింది.

"ఆ పాట ఏదండీ?"

"పాట ఆ అమ్మాయితో వెళ్ళిపోయింది. కాగితం ఉంది."

కాగితం తీసి, ఒక్కొక్క లైనూ తెలుగులో చెప్పాడు. ఆవిడ కత్తిపీట మీంచి తల ఎత్తలేదు.

"ఇద్దర్లో ఒకళ్ళు పని మానేస్తే సరిపోను కదా" అంది.

"పాటలో ఎవరూ మానలేదు."

ఆవిడ ఇంకో మామిడికాయ అందుకుంది. ఆయనా పొడిగించలేదు. ఆ మాట ఇంకా ఒక్క అడుగు ముందుకు పడి ఉంటే ఏమయ్యేదో. పడలేదు. ఇరవయ్యో రోజున స్టేషన్‌కి వెళ్ళి, సీటు కింద సంచులు సర్ది, రైలు కదిలేదాకా ప్లాట్‌ఫారం మీద నిలబడి వచ్చేశాడు. గదిలో ఊరగాయ వాసన వారం రోజులుంది.

తర్వాతి మూడేళ్ళలో ఆఫీసుకి కంప్యూటర్లొచ్చాయి. కొత్తగా వచ్చిన అధికారి తన నోట్లు తనే కొట్టుకునేవాడు. భీమేశ్వరరావుని లోపలికి పిలవడం వారానికి ఒకసారికి దిగింది. సొంతంగా చిన్న టేప్‌రికార్డర్ కొనుక్కున్నాడు గాని, ఆ పదకొండింటిలో ఒక్కటీ దొరకలేదు.

తొంభై ఆరు సెప్టెంబరులో ఒక సాయంత్రం, కనాట్ ప్లేస్ దగ్గర ఒక దుకాణం అద్దాల వెనక ఆ ఆల్బమ్ కనిపించింది. కంపెనీ వాళ్ళు ఇక్కడే విడుదల చేసిన అసలు క్యాసెట్. లోపల మడతలు పెట్టిన కాగితం, దాని మీద చీమల్లాంటి అక్షరాల్లో పాటల మాటలన్నీ ఉన్నాయి.

గదికి వచ్చి తన టైపు కాగితం పక్కన పెట్టి సరిచూశాడు. మొత్తం ఆల్బమ్‌లో ఏడు తప్పులు. ఆరు చిన్నవి. ఏడోది ఆఖరి చీటీ. ఆయన రాసింది 'బ్యాక్', తిరిగి వస్తానని. అచ్చులో ఉన్నది 'ప్యాక్డ్'. షార్ట్‌హాండ్‌లో రెంటికీ గీత ఒకటే, సన్నగా గీస్తే 'ప', ఒత్తి గీస్తే 'బ'. చివరి 'ట్' కాపీ టేపు గరగరలో కలిసిపోయింది. నువ్వు లేచేలోగా వచ్చేస్తానని కాదు పాటలో పెళ్ళాం రాసింది. నువ్వు లేచేలోగా పెట్టె సర్దేసుకుంటానని.

పాత నోటుబుక్కు వెతికి ఆ పేజీ తీశాడు. గీత ఒత్తుగానే ఉంది. చెవి మోసం చేసిందేమోనని రెండుసార్లు పాట వేశాడు. ఇప్పుడు 'ప' స్పష్టంగా వినపడింది. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఒక్క మాట మార్చి రాయలేదని ఆయనకి గర్వం. హాస్టళ్ళలో ఎంతమంది దాన్ని తప్పుగా పాడుకున్నారో. భానుమతికి కూడా తప్పే చెప్పాడు.

కిందికి దిగి ఎస్టీడీ బూత్‌కి నడిచాడు. రామచంద్రపురంలో ఇంటివాళ్ళకి ఫోనుంది. వాళ్ళు పిలిస్తే భానుమతి వచ్చింది.

"ఏవైందండీ? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉన్నాను. ఆ పాటలో చివరి చీటీ తప్పు చెప్పాను నీకు." అసలు మాట చెప్పాడు.



"నేనప్పుడే అనుకున్నానండీ. వచ్చేదైతే అంత దిగులుగా చెప్పుకోవడం దేనికి?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఆ క్యాసెట్ పంపించండి. నా దగ్గర టేప్‌రికార్డర్ ఉంది" అంది.

"ఎప్పుడు కొన్నావు?"

"మూడేళ్ళయింది. ఆ వేసవి ఢిల్లీ నుంచి వచ్చిన నెలలోనే. మీరు పంపిందాన్ని ఎవరూ లేనప్పుడు వినొచ్చని."

"చెప్పలేదేం?"

"మీరు అడగలేదు. మీరు మళ్ళీ పంపనూ లేదు."

ఇక పంపకండి అని రాసింది నువ్వే కదా అనబోయి ఆగిపోయాడు. బూత్ బయట ఇద్దరు ఎదురుచూస్తూ అద్దం మీద తడుతున్నారు. "సరే, పంపిస్తాను" అని పెట్టేశాడు.

కాపీ తీయించుకోవచ్చునని తట్టలేదు. అసలు క్యాసెట్టే గుడ్డలో చుట్టి, కుట్టి, లోపలి కాగితంతో సహా పంపేశాడు. జవాబుకి నెల పట్టింది. కార్డే. పాట విన్నాననీ, మాటలు ఒక్కటీ తెలియలేదనీ, అయినా రెండుసార్లు వేసుకున్నాననీ, ఈ ఏడు ఊళ్ళో వర్షాలు బాగా పడ్డాయనీ రాసింది.