గడప బయట చెప్పులు

బోస్నియా రాజధాని సారాయెవోలో యుద్ధ నేరాల విచారణకు సాక్షిగా వచ్చినప్పుడల్లా, కోర్టు గుమ్మం దగ్గర ముసలి జుమ్రా వంగి చెప్పులు విప్పబోతుంది. ఇది ఇల్లు కాదని గుర్తొచ్చి, నడుం పట్టుకుని లేస్తుంది. తలగుడ్డ ముడి బిగించి, బెంచీకి ఆనుకోకుండా పిడికిళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. ఎవరైనా కాఫీ తెచ్చిస్తే అది పక్కన చల్లారిపోవలసిందే.

ఆమె ఊరిని దోపిడీ చేయించి తగలబెట్టించిన కమాండరు ఆ రోజు బోనులో గోళ్లు చూసుకుంటున్నాడు. అతని లాయరు ఒక ఫొటో పైకెత్తాడు. యుద్ధం ముగిశాక తీసిన జుమ్రా ఇల్లు అది. కప్పు లేదు, తలుపుల్లేవు, కిటికీ చట్రాలు కూడా పీక్కుపోయారు. గడప బయట మాత్రం ఒక జత ఆడవాళ్ల చెప్పులు పొందికగా ఉన్నాయి.

"గుమ్మం ముందు చెప్పులున్నాయంటే లోపల మనుషులున్నట్టేగా పెద్దమ్మా? మరి నాశనమైందంటారేం?" అని నవ్వాడు లాయరు.

జుమ్రా లేచి బల్ల చరిచింది.

"అవి నావే! ఫొటోలవాళ్లకి చూపించడానికి లోపలికెళ్తూ విప్పాను. బూడిదైనా అది నా ఇల్లు. చెప్పులతో నేనెన్నడూ లోపలికి పోలేదు. బూట్లతో జొరబడింది వాడు! నా తలుపులేం చేశాడో వాణ్ణడుగు!"