మంథని సారు గొంతు

ఆ రోజుల్లో బాకీల గురించి మాట్లాడాలంటే మగగొంతు ఉండాల్సిందేనని నేను గట్టిగా నమ్మేదాన్ని. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. కామెర్లతో మా ఆయన పోయి ఆరు నెలలు. గోదావరిఖనిలో ఆయన పెట్టిన చిన్న జిరాక్సు దుకాణం, ఆయన ఫోను నాకు మిగిలాయి. కరెంటు బిల్లు, టోనరు బిల్లు, కాగితాల బిల్లు మూడూ మాట్లాడుకున్నట్టు ఒకే వారంలో వచ్చేవి. అందుకని ఒక గుమాస్తాను పెట్టుకున్నాను. జీతం లేదు (మనిషీ లేడు). ఎవరైనా డబ్బులడిగితే, "మా లెక్కలు మంథని సారు చూస్తడు, మా ఇంటాయన ఫోన్ ఇప్పుడు సారు దగ్గర్నే ఉంటది, దానికే చెయ్యుండ్రి" అనేదాన్ని. అది మోగగానే వెనక గదిలోకి పోయి, ముక్కు పట్టుకుని, బొంగురు గొంతుతో "సోమవారం చూద్దాం" అనేదాన్ని (ఏ సోమవారమో చెప్పేదాన్ని కాదు).

టోనరు ఇచ్చేవాడు సారును బండబూతులు తిట్టేవాడు. పెద్దపల్లి నుంచి మోపెడ్ మీద కాగితాల కట్టలు తెచ్చే కాక మాత్రం సారుకు భక్తుడైపోయాడు. "నమస్తే సారు, బువ్వ తిన్నరా?" అని మొదలుపెట్టి, ఆ గొంతుకు శొంఠి కషాయం మంచిదని చెప్పేవాడు. ఓసారి సారుకిమ్మని శొంఠి పొట్లం నా చేతికే ఇచ్చి వెళ్లాడు. నేనే తాగాను. చేతిలో నాలుగు డబ్బులు పడితే తిట్టేవాడికి ముందు కట్టేదాన్ని. నమస్తే పెట్టేవాడిది వెనక్కి జరిగేది. అలా మూడు నెలలు జరిగింది.

ఎండాకాలం, మధ్యాహ్నం. ఆ ఫోను మోగింది. కాక.

"సారు, మా ఇంటామెను కరీంనగర్ దవాఖానల షరీకు చేసిన. ఎంతుంటే గంత జర సర్దుండ్రి."

"ఆ పిల్లనే అడుగకపోయినవా?" అన్నాను, సారు గొంతుతోనే.

"ఎట్ల అడుగుత సారు? మొగడు పోయిన పిల్ల. అడిగితే ఫికర్ జేస్తది. నేను గిట్ల ఫోన్ జేసిన్నని ఆమెకు చెప్పకుండ్రి."

"రేపు పంపిస్త" అని ఫోను పెట్టేశాను. మర్నాడు కమ్మలు కుదువపెట్టి బాకీ మొత్తం పంపాను. కాక భార్య దక్కలేదు. తొమ్మిది రోజులకు పోయింది.

పరామర్శకు వెళ్తే, కాక తన చుట్టాలకు నన్ను చూపించి, "ఈ బిడ్డ దుకాణంల దేవునసొంటి సారున్నడు. ఆయన పంపిన పైసలతోనే ఆఖరి దాక మందులిప్పిచ్చిన" అన్నాడు. కాకను పక్కకు పిలిచాను.

"కాకా, సారు లేనే లేడు. గా గొంతు నాదే."

"నేను జలుబనుకున్న గద బిడ్డా" అని కాక నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది. తర్వాత కళ్లు తుడుచుకుని, "మా ముసల్ది పోయే ముందటి రోజు, ఆ సారుకు నా దండం చెప్పుమన్నది. ఇగ నీకే చెప్తున్న, తీస్కో" అన్నాడు.

తిరుగు బస్సులో దారిపొడుగునా ఏడ్చాను. ఆమెను నేనెన్నడూ చూడలేదు.

బిల్లులు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. చేతిలో లేనప్పుడు, "ఈ నెల కాదు, వచ్చే నెల ఇస్త" అని నేనే చెబుతాను. కొందరు గొణుగుతారు, కొందరు సరేనంటారు, అంతే. ఆ ఇరవై ఆరేళ్ల పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ ఒక్క ముక్క చెప్పడానికి ఏకంగా ఒక మనిషినే పుట్టించింది, పిచ్చిది.