అవ్వ పూజ చేసిన జీపు

మా చిన్నప్పుడు... రాత్రంతా వాన కురిసి తెల్లారి ఆగిందంటే మా ఊళ్లో ఎవరికీ కాలు నిలిచేది కాదు. అనంతపురం జిల్లాలో వాన పడటమే గొప్ప, ఆ తడి నేలలో నిలవడం ఇంకా గొప్ప. పొద్దెక్కితే గాలి లేస్తుంది... గాలి లేస్తే పదును ఆరిపోతుంది. ఆలోపే విత్తనం పడాలి.

ఆ రోజు అందరి విత్తే గొర్రులూ పొలాలకు కదిలాయి. మా విత్తనం మాత్రం కదిరిలో ఉంది. ముందటేడు పంట ఎండిపోయి ఇంట్లో గింజ మిగల్లేదు. ముందే కొని పెట్టుకుంటే, తీరా వాన రాకపోతే ఏం చేసుకోవాలని నాయన భయం. మండీలో విత్తనపు శెనక్కాయలు చెప్పిపెట్టి ఆకాశం చూస్తూ కూర్చున్నాడు.

బండి ఉంది కదా అని ధైర్యం. బండంటే ఏమనుకునేరు... వేలంలో కొన్న ముసలి పెట్రోలు జీపు. షెడ్డుకు ఇచ్చే స్తోమత లేక దాని రోగాలన్నీ నాయన తనే నేర్చుకున్నాడు.

మా అవ్వ, అంటే నాయన వాళ్లమ్మ, పూజ చేయందే గొర్రును పొలంలో దించనిచ్చేది కాదు. ఈసారి విత్తనం తెచ్చేది జీపు కాబట్టి దానికీ తప్పలేదు. నాయన అంబలి తాగి వచ్చేలోపు పసుపు నీళ్లు చల్లి, బొట్లు పెట్టి, టెంకాయ కొట్టి చేతులు కట్టుకుని నిలబడింది.

నాయన, అమ్మ, వెనక నేను. ఊరు దాటామో లేదో జీపు ఎగిరెగిరి పడటం మొదలుపెట్టింది. తుక్కు... తుక్కు... ఒక అడుగు ముందుకు, ఒక ఊపు వెనక్కు.

"మిస్సింగ్ కొడతాండాది," అన్నాడు నాయన. నాలుగు సిలిండర్లలో ఏదో ఒకటి సరిగా మండటం లేదన్నమాట.

పక్కకు ఆపి బానెట్ ఎత్తాడు. "ఏమే, ఈడ కూర్చో. దీన్ని తొక్కిపట్టు, వదలద్దు." జన్మలో స్టీరింగు ముట్టని అమ్మ ఎక్సిలేటరు మీద కాలు పెట్టి బిగుసుకుని కూర్చుంది. నాయన చేతికి పొడిగుడ్డ చుట్టుకుని ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి చూశాడు. పీకగానే శబ్దం ఇంకా దిగిందంటే ఆ సిలిండర్ బాగున్నట్టు. ఏ తేడా లేదంటే రోగం అక్కడే. మామూలుగా అయితే ఇట్టే పట్టేసేవాడు.

ఆ రోజు పట్టుబడలేదు. ఒకసారి మొదటిది చచ్చినట్టుంటుంది, మళ్లీ చూస్తే అది బాగానే ఉంటుంది, మూడోది మూలుగుతుంది. ప్లగ్గులు విప్పి గీకాడు, అటువి ఇటు మార్చాడు. పెట్రోలు సీసాలో పట్టి వాసన చూశాడు, కిరసనాయిలు కలవలేదు. పానా కింద పడితే పానాను తిట్టాడు.

అమ్మ దిగి పక్క చేలో మట్టి పిడికిట్లో పట్టి చూసింది. "ఇంకా ఉండ కడతాండాది," అంది. మళ్లీ కాసేపటికి పోయి చూసింది. ఈసారి చేతిలోంచి మట్టి పొడిగా రాలింది.

ఎద్దులు తోలుకుని పోయే ఆయన ఒకడు ఆగాడు. "ఏమన్నా, ఈ పొద్దే నిలబడిందా బండి?"

"నిలబళ్ళా. నేనే నిలబెట్టినా," అన్నాడు నాయన తల ఎత్తకుండా. అంత చిరాకు.

బండి ఆగిందని ఎవరు చెప్పారో, అవ్వ తాగే నీళ్లు పట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చింది. "అంత పూజ చేసినా గదప్పా. పైన చల్లితే సాలదని ముందర మూత ఎత్తి లోపల గూడా చెంబుడు పోసినా. ఇంకేం రోగం దీనికి?"

నాయన, అమ్మ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాయన ప్లగ్గులకు కరెంటు పంచే నల్ల డబ్బా మూత ఊడదీశాడు. లోపల పసుపు పచ్చటి తడి.

నాయన కోపం ఊరందరికీ తెలుసు. నేను చెవులు మూసుకున్నాను.

"అమా, నీ కొంగు ఇట్లియ్యి. ఈ గుడ్డంతా జిడ్డయిపోయినాది," అన్నాడు. అవ్వ కొంగుతోనే మూత లోపలంతా తుడిచి, కాసేపు ఎండకు పెట్టి బిగించాడు.

"ఏమయిందప్పా?"

"ఏంల్యా. చెమట పట్టినాది."

జీపు పాత గొంతుతో నిండుగా పలికింది. "సూడు, నేనొస్తేగానీ కదల్లేదు," అంది అవ్వ గర్వంగా. అమ్మ ముఖం అటు తిప్పుకుంది.

కదిరి పోయి విత్తనం తెచ్చేసరికి పొద్దు వాలింది, పదును ఆరింది. పల్లంలో వేసింది సగం మొలిచింది. మిట్ట మీద వేసింది మట్టిలోనే పోయింది. ఆ బోడి మిట్టను చూసినప్పుడల్లా అవ్వ గాలిని తిట్టేది. నాయన కూడా ఆమెతో కలిసి గాలినే తిట్టాడు, ఆమె బతికినన్నాళ్లూ అసలు సంగతి చెప్పలేదు.

పూజ మానమనీ చెప్పలేదు. ఆ తర్వాత ప్రతి ఏడూ వాన పడిన పొద్దున అవ్వ లేవకముందే బానెట్ ఎత్తి, ఆ నల్ల డబ్బాకు ప్లాస్టిక్ కవరు తొడిగి దారంతో కట్టేవాడు. పూజ అయ్యాక ఏదో చూసినట్టు చూసి విప్పేసేవాడు. అవ్వ చెంబుడు నీళ్లు హాయిగా పోసేది.

ఇప్పుడు నా దగ్గర ఒక పాత కారు ఉంది. మిస్సింగ్ కొడితే మెకానిక్ దానికి ఫోను తగిలించి చూసి, ఏ సిలిండరో నిమిషంలో చెప్తాడు. మొన్న మంచి వాన పడింది. తెల్లారి చూస్తే నాయన నా కారు బానెట్ ఎత్తి ఇంజను మీద ప్లాస్టిక్ కవరు కడుతున్నాడు. "ఎవరు పోస్తారు నాయనా ఇప్పుడు?" అని అడగబోయి ఆగిపోయాను. కట్టి, కాసేపు అక్కడే నిలబడ్డాడు... తర్వాత తనే విప్పేశాడు.

మీ ఇంట్లో బండికి బొట్టు పెట్టేది ఎవరు? చెప్పండి, వినాలని ఉంది... మా ఇంట్లో ఆ చెయ్యి లేదు.