మోకు లేకుండా మద్రాసుకు

మా అక్కను మద్రాసు పిచ్చాసుపత్రికి మూడుసార్లు మోకుతో కట్టి తీసుకుపోయాం. కట్టింది నేనే. ఉప్పు కొఠారులో బస్తాలు కట్టే చేతులు నావి, ముడి గట్టిగా పడేది. గూడూరులో రైలెక్కే లోపే ఆమె మణికట్లు కమిలిపోయేవి.

నెలల తరబడి అక్కడ ఉండి, కుదుటపడి, మాత్రలతో ఇంటికి వచ్చేది. జ్వరం తగ్గినాక మందెవరు మింగుతారని ఆ మాత్రలు నేనే మాన్పించేవాణ్ణి. మళ్ళీ తిరగబెట్టేది. అప్పటికి నాకు అక్షరమ్ముక్క రాదు. మందు ఆపవద్దని ఆసుపత్రి చీటీలోనే రాసి ఉందని, ముసలితనంలో చదువు నేర్చాక చూసుకున్నాను.

నాలుగోసారి ఎండాకాలం. మడిలో ఉప్పు లాగుతున్నాను. అక్క తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని గట్టు మీదికి వచ్చింది.

"అబ్బయ్యా, అమ్మ పిలస్తా ఉండాదిరా."

అమ్మ పోయి ఆరేళ్ళు.

"చచ్చిపోయిందని నాకు తెలుసులే. ఇంకా తెలస్తానే ఉండాది. ఆ తెలివి పోకముందే నన్ను తీసకపో. మోకు వొద్దు."

మూడు రోజులుగా ఆమెకు నిద్ర లేదట. ఒకే ఇంట్లో ఉండి మేం గమనించలేదు.

రైల్లో కిటికీ వైపు తిరిగి "ఉండమ్మా, వస్తా" అనేది. వెంటనే నన్ను చూసి "లేదు గదా?" అని అడిగేది. "లేదక్కా" అనేవాణ్ణి. తడ స్టేషను దాటినాక అడగడం మానేసింది. ఆలస్యమైపోయిందనుకున్నాను.

ఆసుపత్రిలో డాక్టరు గారు ఉప్పు పట్టిన నా జుట్టు చూసి, "పేషెంటు ఇతనేనా?" అన్నారు.

అక్క ఫక్కున నవ్వింది. "వీడికి పుట్టుకతోనే సామీ, దానికి మందు లేదు. నన్ను చేర్చుకోండి."

"బాగానే మాట్లాడుతున్నావే?"

"రేపటికి మాట్లాడలేను సామీ."

ఆయన కాగితం తీసి చేర్చుకోమని రాశారు. అక్క నర్సమ్మ వెనకాలే నడిచిపోయింది. ఎవరూ రెక్క పట్టుకోలేదు.

ఆ తర్వాత కూడా రెండుసార్లు పోయింది, రెండుసార్లూ తనే చెప్పి. చదువుకున్నవాళ్ళను ఎందరినో చూశాను. తన బుద్ధి జారిపోతుంటే పక్కన నిలబడి చూడగలిగిన మనిషిని ఆమెనొక్కదాన్నే చూశాను.